చక్కెర మీద వేసిన స్లాబ్: హిమాలయాల్లో మంచుచరియలు ఎందుకు జారతాయి

వానకు తెలుగులో ఎన్ని మాటలున్నాయో లెక్కపెట్టండి. చినుకు, తుంపర, జల్లు, ముసురు, జడివాన, గాలివాన, కుంభవృష్టి. మంచు దగ్గరికొచ్చేసరికి మంచు ఒక్కటే. ధనుర్మాసంలో గడ్డి మీద మెరిసేదీ మంచే, తెల్లవారుజామున హైవేని కమ్మేసేదీ మంచే, ఫ్రిజ్‌లో పేరుకునేదీ మంచే, కశ్మీర్‌లో ఆకాశం నుంచి దూదిలా రాలేదీ మంచే. మనకు అవసరం పడలేదు, మాటలు పుట్టలేదు. అందులో తప్పేమీ లేదు. చిక్కల్లా హిమాలయాల్లో ఏదైనా ఘోరం జరిగిన రోజున వస్తుంది. మర్నాడు మన పత్రికల్లో ఏం జరిగినా "హిమపాతం" అనో, "మంచుచరియలు విరిగిపడి" అనో ఒకటే శీర్షిక. హిమపాతం అంటే మంచు కురవడం. కురిసే మంచు దానంతటది ఎవరినీ చంపదు.

ఓ నాలుగు ఘటనలు పక్కపక్కన పెట్టి చూద్దాం. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో, 19,600 అడుగుల ఎత్తున ఉన్న సోనమ్ పోస్టు మీద కూలింది గడ్డకట్టిన మంచు గోడ. పదిమంది జవాన్లు దాని కింద పడిపోయారు. వాళ్లలో కర్నూలు జిల్లాకు చెందిన సిపాయి ముస్తాక్ అహ్మద్ ఒకరు. 2021 ఫిబ్రవరి 7న ఉత్తరాఖండ్‌లోని చమోలీలో 200 మందికి పైగా బలితీసుకున్న వరదకు మూలం రోంతి శిఖరం నుంచి ఊడిపడిన కొండ ముక్క. అందులో ఎక్కువ పాలు రాయి, తక్కువ పాలు మంచుగడ్డ. 2022 అక్టోబర్ 4న ఉత్తరకాశీ జిల్లాలోని ద్రౌపదీ కా డాండా శిఖరం దగ్గర నెహ్రూ పర్వతారోహణ సంస్థ శిక్షణ బృందాన్ని ఈడ్చుకుపోయింది వాలు మీద పేరుకున్న మంచు పలక. 27 మృతదేహాలు దొరికాయి, ఇద్దరి ఆచూకీ దొరకలేదు. 2025 ఫిబ్రవరి 28న బద్రీనాథ్ పక్కన మానా దగ్గర, సరిహద్దు రోడ్ల సంస్థ పనుల్లో ఉన్న 54 మంది కార్మికుల శిబిరాన్ని పై వాలు నుంచి దూసుకొచ్చిన మంచు ముంచెత్తింది.

ఒకటి మంచుగడ్డ, ఒకటి కొండరాయి, మిగిలిన రెండూ పేరుకున్న మంచు. కారణాలు వేరు, హెచ్చరికలు వేరు, తప్పించుకునే దారులూ వేరు. రోడ్డూ ఊరూ లేని వాలుల్లో స్కీలు వేసుకునో, నడిచో తిరిగేవాళ్ల ప్రాణాలు తీసేది దాదాపు ఎప్పుడూ మూడో రకమే. ట్రెక్కింగ్ చేసేవాళ్లు దాన్ని అవలాంచ్ అంటారు. ఇక్కడ చెప్పబోయేదంతా దాని గురించే.

సినిమాల్లో చూసి మన మనసులో ముద్రపడ్డ దృశ్యం ఒకటుంది. ఎవరో గట్టిగా అరుస్తారు, ఎక్కడో శిఖరం మీద మంచు కదులుతుంది, దొర్లుతూ వచ్చి హీరో మీద పడుతుంది. అరుపుకి మంచు జారదు. ఆ శబ్దానికి అంత బలం లేదు. రెండో సంగతి ఇంకా ముఖ్యం: చాలాసార్లు అది ఎక్కడి నుంచో వచ్చి మీద పడదు. మనిషి నిలబడ్డ వాలే విరుగుతుంది, బీట అతనికి పైన పడుతుంది, అతను ఆ పలక నడిమధ్యలో ఉంటాడు. అవలాంచ్‌లలో చనిపోయిన స్కీయర్లు, పర్వతారోహకుల లెక్కలు తీస్తే పదింట తొమ్మిదిసార్లు దాన్ని కదిలించింది ఆ మనిషో, అతని వెంట ఉన్నవాళ్లో.

ఈ రకాన్ని స్లాబ్ అవలాంచ్ అంటారు. ఇల్లు కట్టిన ప్రతివాడికీ స్లాబ్ తెలుసు. కాంక్రీటు పోసేటప్పుడు కింద సెంట్రింగ్ పెడతాం, దానికి సరుగుడు బాదులు ఊతం ఇస్తాం. స్లాబ్ బలమంతా ఆ సమయంలో బాదులదే. ఒక బాదు విరిగితే దాని బరువు పక్క బాదు మీద పడుతుంది, అదీ విరిగితే ఆ పక్కదాని మీద. మంచు వాలు మీద అచ్చంగా ఇదే జరుగుతుంది. పైన గాలికీ బరువుకీ బిగుసుకున్న పొర ఉంటుంది. అది స్లాబ్. దాని కింద వేలెడు మందం కూడా లేని బలహీనమైన పొర ఉంటుంది. అవి బాదులు. మనిషి బరువుకి ఒకచోట ఆ సన్నపొర నలిగితే చాలు, బీట పక్కలకి సెకనుకు పదుల మీటర్ల వేగంతో పరుగెడుతుంది. వాలు మొత్తం ఒక్కసారిగా కింది పొరతో పట్టు కోల్పోతుంది.

ఎంత బరువో ఒక చిన్న లెక్క వేద్దాం. 50 మీటర్ల వెడల్పు, 30 మీటర్ల పొడవు, అరమీటరు మందం ఉన్న పలక. అవలాంచ్‌లలో ఇది పెద్దదేమీ కాదు. ఘనపు మీటరుకి 200 కిలోలు అనుకున్నా 150 టన్నులు. పది టన్నుల లోడు లారీలు పదిహేను.

బలహీనమైన పొర ఎలా పుడుతుందన్నది అసలు కథ. ఆత్రేయపురం పూతరేకు విప్పి చూడండి. రేకు, దాని మీద నెయ్యి, చక్కెర పొడి, మళ్లీ రేకు. నెయ్యి సరిగ్గా పడ్డచోట రేకులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఉత్త చక్కెర ఉన్నచోట జారిపోతాయి. కొండ మీద మంచు కూడా చలికాలమంతా రేకు మీద రేకుగా పేరుకుంటుంది. నవంబర్‌లో ఒకటి, డిసెంబర్‌లో ఒకటి, జనవరిలో మూడు. ఒక్కో రేకు కురిసిన రోజు ఎండ, గాలి, చలి దానిలో రాసి ఉంటాయి. మార్చిలో వాలు మీద గొయ్యి తవ్వితే ఆ శీతకాలపు వాతావరణమంతా గోడలో చారలు చారలుగా కనిపిస్తుంది.

మంచు కింద నేల దాదాపు సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది. మంచు దుప్పటి లాంటిది, నేల వేడిని పోనివ్వదు. పైన గాలి మైనస్ 20 అనుకుందాం. మంచు మందం ఒక మీటరే అయితే, ఆ ఒక్క మీటరులోనే 20 డిగ్రీల తేడా. అడుగున వెచ్చగా ఉన్న చోటి నుంచి నీటి ఆవిరి పైకి ప్రయాణిస్తుంది, దారిలో చల్లటి గింజల మీద గడ్డకడుతుంది. అన్నం గిన్నె మూత లోపలి వైపు ఆవిరి పట్టినట్టే. ఈ ప్రయాణం వారాల తరబడి సాగితే గుండ్రటి గింజలు కోణాలు తేలిన పలుకులుగా మారిపోతాయి. చేతిలోకి తీసుకుంటే ముద్ద కట్టవు, చక్కెరలా వేళ్ల సందుల్లోంచి రాలిపోతాయి. ఇంగ్లీషువాళ్లు కూడా దీన్ని చక్కెర మంచు అనే అంటారు. మీటరుకి పది డిగ్రీలు దాటిన తేడా ఉంటే ఈ మార్పు మొదలవుతుందని స్థూలమైన లెక్క.

ఇప్పుడు అదే చలిలో మంచు మూడు మీటర్లుందనుకోండి. అదే 20 డిగ్రీల తేడా మూడు మీటర్లలో పరుచుకుంటుంది. మీటరుకి ఏడు కూడా రాదు. గింజలు నెమ్మదిగా గుండ్రబడి, ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడతాయి. అంటే శీతకాలం మొదట్లో మంచు తక్కువ పడిన ఏడాదే పునాది కుళ్లుతుంది. ఇది చాలామందికి నమ్మబుద్ధి కాదు. నాకూ మొదట కాలేదు.

గుల్మార్గ్‌లో 2024 అలాంటి చలికాలమే. కశ్మీరీలు చిల్లై కలాన్ అని పిలిచే నలభై రోజులు, డిసెంబర్ 21 నుంచి జనవరి నెలాఖరు దాకా, చలి బాగా ముదిరే కాలం. ఆ ఏడాది జనవరిలో గుల్మార్గ్ మైదానం గడ్డి కనిపిస్తూ బోసిగా ఉంది. స్కీయింగ్‌కి వచ్చినవాళ్లు తిరిగి వెళ్లిపోయారు. నెలాఖరుకి అక్కడికి మంచు మోసుకొచ్చే పశ్చిమ అలజడులు వచ్చాయి, ఫిబ్రవరిలో గట్టిగా కురిసింది, అందరూ సంబరపడ్డారు. పొరల లెక్క తెలిసినవాళ్లకు ఇలాంటి వరసే గుబులు పుట్టిస్తుంది: మొదట పల్చటి మంచు, దాని మీద పొడి చలి, ఆపైన ఒక్కసారిగా బరువు. ఫిబ్రవరి 22న అఫర్వత్ కొండ మీద చరియ జారి ఒక రష్యన్ స్కీయర్ చనిపోయాడు. అంతకు ముందు ఏడాది, 2023 ఫిబ్రవరి 1న, అదే కొండ మీద ఇద్దరు పోలండ్ స్కీయర్లు పోయారు. 2010 ఫిబ్రవరి 8న ఖిలన్‌మార్గ్‌లో చనిపోయిన 17 మంది సైనికులు ఎత్తైన మంచుకొండల్లో యుద్ధం నేర్పే సైనిక పాఠశాలకు చెందినవాళ్లు.

భారత హిమాలయాలను మంచు స్వభావాన్ని బట్టి స్థూలంగా మూడు పట్టీలుగా చూస్తారు. పీర్ పంజాల్ వైపు కిందిది: కాస్త వెచ్చన, మంచు ఎక్కువ, పడ్డది త్వరగా కుదురుకుంటుంది. నడిమిది పెద్ద హిమాలయం. పైది కారకోరం: విపరీతమైన చలి, తేలికపాటి పొడి మంచు, బలహీన పొరలు నెలల తరబడి అలాగే ఉండిపోతాయి. గుల్మార్గ్ ఉన్నది కింది పట్టీలో. కానీ మంచు పడని చిల్లై కలాన్ వస్తే పై పట్టీ గుణాలు అక్కడికీ దిగొస్తాయి.

అన్ని బలహీన పొరలూ అడుగునే పుట్టవు. లంబసింగిలో చలి బాగా ముదిరిన తెల్లవారుజామున గడ్డిపరకల మీద తెల్లటి పొడి పేరుకుంటుందని వినే ఉంటారు. మబ్బు లేని, గాలి లేని రాత్రి మంచుకొండల మీద ఇదే ఇంకా పెద్దగా జరుగుతుంది. మంచు ఉపరితలం మీద ఈకల్లాంటి స్ఫటికాలు నిలువుగా మొలుస్తాయి. పొద్దున్నే ఎండలో వజ్రాలు చల్లినట్టు ఉంటుంది. ఫొటోలు తీసుకోవడానికి అంతకంటే అందమైనది లేదు. వాటి మీద ఎండగానీ గాలిగానీ పడి చెదిరిపోతే సరే. చెదరకముందే కొత్త మంచు కప్పేస్తే మాత్రం ఆ ఈకలన్నీ నిలబడ్డ సరుగుడు బాదులే.

ఇక గాలి. ఆకాశం కంటే గాలి ప్రమాదకరం అంటే అతిశయోక్తి అనుకోవద్దు. కురిసే మంచు కంటే పది రెట్లు వేగంగా గాలి ఒక వాలు మీద మంచు పోగుచేయగలదు. గట్టుకి ఇవతల గీరి అవతల పోస్తుంది. ఆకాశం నీలంగా మెరుస్తున్న రోజున కూడా శిఖరం అంచు నుంచి తెల్లటి జెండాలా మంచు ఎగురుతుంటే, ఆ జెండా పడే వాలు మీద ఎవరో లోడు దించుతున్నట్టు లెక్క.

వాలు ఎంత ఏటవాలుగా ఉందన్నది ఎవరైనా కొలవగల విషయం. స్లాబ్ అవలాంచ్‌లు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల మధ్యే జారతాయి, 38 చుట్టుపక్కల మరీ ఎక్కువ. అంతకంటే నిటారుగా ఉంటే మంచు నిలవకుండా ఎప్పటికప్పుడు రాలిపోతుంది. అంతకంటే తక్కువైతే కదలడానికి ఊపు చాలదు. మన ఇళ్లలో మెట్ల వాలు సుమారు 30 నుంచి 35 డిగ్రీలు. మేడ మెట్లు ఎక్కేటప్పుడు ఎవరికీ అది ప్రమాదకరమైన వాలు అనిపించదు కదా, మంచు మీద నిలబడ్డప్పుడూ అనిపించదు. ఫోన్‌లో కోణం కొలిచే యాప్ ఒకటి చాలు. అయితే ఒక మెలిక ఉంది. మీరు చదునైన చోట నడుస్తున్నా, పైన ఉన్న వాలుతో బలహీన పొర కలిసి ఉంటే, కింద మీ అడుగుకి పైన వాలు విరగొచ్చు.

కింద ఏముందో చూడటం కూడా అంతే అవసరం. చిన్న చరియ కూడా మనిషిని లోయలోకో, రాళ్ల మీదకో, మంచునది పగుల్లోకో నెట్టితే పెద్దదైపోతుంది. ద్రౌపదీ కా డాండా దగ్గర చాలామంది కూరుకుపోయింది అలాంటి పగుల్లోనే. ఆ బృందంలో శిక్షకురాలిగా ఉండి అక్కడే చనిపోయిన సవితా కంస్వాల్ అదే ఏడాది మే నెలలో 16 రోజుల తేడాతో ఎవరెస్టునూ మకాలూనూ ఎక్కిన మనిషి. అనుభవం తక్కువైనవాళ్లే అవలాంచ్‌లో పోతారనే మాటకు ఇంతకంటే జవాబు ఉండదు. మరొకటి, అది అక్టోబర్. చలికాలం ఇంకా మొదలే కాలేదు.

అనుభవం ఇక్కడ ఎందుకు మోసం చేస్తుందో కాస్త ఆగి చూడాలి. వంటలో ఉప్పు ఎక్కువైతే నాలుక వెంటనే చెప్తుంది, మర్నాడు తగ్గిస్తాం. మంచు అలా చెప్పదు. ప్రమాదకరమైన వాలుని పదిసార్లు దాటినా తొమ్మిదిసార్లు ఏమీ కాదు. దాటినవాడు తన నిర్ణయం సరైనదనే అనుకుంటాడు. అదృష్టం కాపాడిందని అతనికి తెలిసే దారే లేదు. అందుకే ముందెవరో వేసిన అడుగుజాడలు కూడా సాక్ష్యం కావు. మొదటి ముగ్గురూ బలహీన పొర మీద మంచు మందంగా ఉన్నచోట నడిచి ఉండొచ్చు, నాలుగోవాడు పల్చగా ఉన్నచోట అడుగేస్తాడు.

వాలు తానుగా చెప్పే సంకేతాలు కొన్ని ఉన్నాయి. వాటిని వినడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. దగ్గర్లో అదే దిక్కుకి తిరిగిన వాలు మీద తాజాగా జారిన చరియ కనిపిస్తే ఇక వేరే పరీక్ష అనవసరం. అడుగు వేస్తే స్కీ ముందు నుంచి మంచులో బీట పాకితే, ఆగాలి. కాలి కింద ధబ్‌మని, గాదెలో ధాన్యం ఒక్కసారిగా కుంగినట్టు చప్పుడు వస్తే, బలహీన పొర అప్పుడే నలిగిందని అర్థం. వాలు చాలినంత లేదు కాబట్టి బతికిపోయారు. ఒక్క రోజులో 30 సెంటీమీటర్లు దాటి కురవడం, ఉన్నట్టుండి వాతావరణం వెచ్చబడటం కూడా ఈ కోవలోవే.

గొయ్యి తవ్వి చేసే పరీక్షలు తర్వాతి మెట్టు. 30 సెంటీమీటర్ల చదరపు మంచు స్తంభాన్ని చుట్టూ కోసి వేరుచేసి, పైన పార పెట్టి తడతారు. పదిసార్లు మణికట్టు నుంచి, పదిసార్లు మోచేతి నుంచి, పదిసార్లు భుజం నుంచి. ఏ దెబ్బకి ఏ లోతులో పొర తెగిందో రాసుకుంటారు. స్తంభాన్ని 90 సెంటీమీటర్ల వెడల్పుకు పెంచి, ఒక కొసన తడితే బీట రెండో కొస దాకా పరుగెత్తుతుందా అని చూడటం ఇంకా మేలు. మొదలవడం కంటే పాకడమే మనుషుల్ని చంపుతుంది. అయితే గొయ్యి చెప్పేది ఆ గొయ్యి సంగతే, ఇరవై అడుగుల అవతల మంచు వేరేలా ఉండొచ్చు. చెడు ఫలితం వస్తే నమ్మండి, మంచి ఫలితం వస్తే అనుమానించండి అంటారు ఈ పనిలో ఉన్నవాళ్లు. పక్షపాతంగా ఉన్నా నాకు సబబుగానే అనిపిస్తుంది.

మన దేశంలో అవలాంచ్ హెచ్చరికలు ఇచ్చేది రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో కింద ఉన్న చండీగఢ్ కేంద్రం. 1969 నుంచి మనాలీలో మంచు మీద పనిచేసిన సంస్థే 2020లో మరో ప్రయోగశాలతో కలిసి డీజీఆర్‌ఈగా మారింది. దాని బులెటిన్లు జిల్లాల వారీగా, ఫలానా ఎత్తుకు పైన ప్రమాదం ఈ స్థాయి అని వస్తాయి. స్థాయిలు ఐదు. చాలామంది మూడుని "సగటు" అనుకుంటారు, పరీక్షలో ఐదుకి మూడు మార్కులు వచ్చినట్టు. ఈ మెట్లు సమానంగా ఎక్కవు, ఒక్కో మెట్టుకి ప్రమాదం ఇంచుమించు రెట్టింపవుతూ పోతుంది. నాలుగు, ఐదు అని వింటే అందరూ ఇంట్లో ఉంటారు. మూడు రోజున ఎండ కాస్తుంది, కొత్త మంచు మెరుస్తుంది, జనం బయల్దేరతారు. విదేశీ లెక్కల్లో ఎక్కువ మరణాలు మూడో స్థాయి రోజునే నమోదవుతాయి.

సియాటిల్‌లోనో డెన్వర్‌లోనో ఉంటూ శీతకాలం వారాంతాల్లో కొండల్లోకి వెళ్లే తెలుగువాళ్లకి మరింత సౌకర్యం ఉంది. అక్కడి కేంద్రాలు ప్రాంతాల వారీగా, వాలు ఏ దిక్కుకి తిరిగిందో, ఏ పొర బలహీనంగా ఉందో కూడా రోజూ చెప్తాయి. గుల్మార్గ్‌లో గొండోలా అనే కేబుల్ కారు రెండో దశ దిగి, గస్తీ ఉన్న హద్దు దాటితే ఆ స్థాయి సమాచారం కోసం స్థానిక గైడ్ మీద ఆధారపడాల్సిందే.

కూరుకుపోయిన తర్వాత కథ చాలా చిన్నది. జారేటప్పుడు ద్రవంలా ప్రవహించిన మంచు ఆగిన క్షణంలో సిమెంటులా బిగుసుకుంటుంది. వేలు కదపడం కూడా కష్టం. చనిపోయేవాళ్లలో ఎక్కువమందికి కారణం చలి కాదు, ఊపిరాడకపోవడం. స్విట్జర్లాండ్ లెక్కల ప్రకారం పది నిమిషాల్లోపు బయటికి తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారు. పది దాటి ముప్పై నిమిషాలకు చేరేసరికి ఆ సంఖ్య మూడుకి పడిపోతుంది. హెలికాప్టర్ ఎంత త్వరగా వచ్చినా అంత త్వరగా రాదు. కాపాడగలిగింది పక్కన ఉన్న స్నేహితులే. వాళ్ల దగ్గర మూడు వస్తువులుండాలి: 457 కిలోహెర్ట్జ్ మీద సంకేతం పంపుతూ వెతికే బీకన్, లోతు గుచ్చి చూసే పొడవాటి కడ్డీ, పార. బీకన్ ఒక్కరి దగ్గరే ఉంటే ఎవరి దగ్గరా లేనట్టే. పార లేకుండా బీకన్ ఉంటే, స్నేహితుడు ఎక్కడ చనిపోతున్నాడో కచ్చితంగా తెలుస్తుంది, అంతే.

దీనికి మినహాయింపులు గాలి దొరికినచోట కనిపిస్తాయి. మానాలో 54 మందిలో 46 మంది బతికారు. వాళ్లలో చాలామంది ఇనుప కంటైనర్లలో ఉన్నారు. డబ్బా దొర్లినా లోపల ఊపిరికి చోటు మిగిలింది. సోనమ్ పోస్టులో లాన్స్ నాయక్ హనుమంతప్ప కొప్పద్ ఆరో రోజున ప్రాణంతో దొరికింది డేరాలో మిగిలిన గాలి వల్లే. ఫిబ్రవరి 11న ఢిల్లీ ఆసుపత్రిలో ఆయన కన్నుమూశారు.

మనలో చాలామంది స్కీయింగ్‌కి వెళ్లరు. సోన్‌మార్గ్‌కో, రోహ్‌తాంగ్‌కో, నాథూలాకో ట్యాక్సీలో వెళ్తారు. 2023 ఏప్రిల్ 4 మధ్యాహ్నం గ్యాంగ్‌టక్ నుంచి నాథూలా వెళ్లే రోడ్డు పక్కన మంచు జారి ఏడుగురు పర్యాటకులు చనిపోయారు. ఆ దారుల్లో తల పైకెత్తి చూడటం కొంచెం నేర్చుకోవచ్చు. దేవదారు అడవి మధ్యలో పై నుంచి కింది దాకా గొరిగినట్టు చెట్లు లేని పట్టీ ఉంటే, అది తరచూ మంచు దిగే దారి. పట్టీ అంచున ఉన్న చెట్లకి కొండవైపు కొమ్మలు ఉండవు. ఆ పట్టీలో బతికేది భోజపత్రం లాంటి వంగే చెట్లే. మొదట్లో నేల మీద పాకి, ఆ తర్వాత పైకి లేస్తాయి. అలాంటి పట్టీ రోడ్డుని దాటేచోట సరిహద్దు రోడ్ల సంస్థ బోర్డు పెడుతుంది, ఇక్కడ ఆగవద్దు అని. చెట్లు లేవు కాబట్టి లోయ విశాలంగా కనిపించేదీ, ఫొటోకి వెలుతురు బాగుండేదీ సరిగ్గా అక్కడే. బండి ఆపమని మనం అడుగుతాం. డ్రైవర్ అద్దంలోంచి పైకోసారి చూసి, ముందుకెళ్లాక ఆపుతానంటాడు.